పరిశోధనపత్రానికి పక్కపుట

కొన్నేళ్ళ క్రితం ఒక మిత్రుడు ఫోను చేశాడు. చేతిరాత తెలుగు అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రాము గురించి తానొక పరిశోధనపత్రం రాశాననీ, దానికి తోడుగా ఒక జాలపుట కట్టిపెట్టగలవా అనీ అడిగాడు. పత్రం చదివినవారు ఆ పుటకు వచ్చి, తెర మీద మౌసుతోనో వేలితోనో ఒక అక్షరం రాస్తారు. అది ఏ అక్షరమో యంత్రం చెప్పాలి. అంతే. వారం రోజుల పని అనుకుని సరేనన్నాను. నాలుగు నెలలు పట్టింది. పని ముందుకు సాగని రాత్రుల్లో, ఇలాంటి పుటలు ఇంతకుముందు ఎవరెవరు కట్టారు, ఎందుకు కట్టారు, అవి చివరికేమయ్యాయి అని వెతుకుతూ పోయాను. ఆ వెతుకులాటలో పోగైన చరిత్రే ఈ టపా. మనవాళ్ళలో ప్రోగ్రాములు రాసేవారు చాలామందే ఉన్నారు గనుక, కొందరికి తెలిసిన సంగతులే మళ్ళీ ఎదురుకావచ్చు. తెలియనివారి కోసం మొదటినుంచీ చెబుతాను.

పత్రం పక్కన నిలబడి, పాఠకుడిని తన చేతులతో తానే ప్రయోగం చేసి చూసుకోనిచ్చే ఇలాంటి పుటను నా సౌలభ్యం కోసం 'పక్కపుట' అంటున్నాను. ఇంతకన్న మంచి పేరు ఎవరికైనా తడితే దానికి మారిపోవడానికి నాకు అభ్యంతరం లేదు.

ఈ కథకు మొదలు మెషీన్ లెర్నింగులో లేదు, భూగర్భశాస్త్రంలో ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లేర్‌బౌట్ అనే భూభౌతికశాస్త్రవేత్త ఉండేవారు. భూమిలోకి ధ్వనితరంగాలను పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనుల నుంచి లోపలి పొరల చిత్రాన్ని గీయడం ఆయన బృందం పని. అంతా కంప్యూటరు లెక్కలే. విద్యార్థి సిద్ధాంతగ్రంథం సమర్పించి వెళ్ళిపోతాడు. మరుసటి ఏడు వచ్చిన విద్యార్థి ఆ గ్రంథంలోని బొమ్మను మళ్ళీ తెప్పించాలంటే నెలల తరబడి తంటాలు పడవలసి వచ్చేది. రాసినవాడే తిరిగి వచ్చినా తన బొమ్మను తాను తెప్పించలేని సందర్భాలుండేవి. దానితో 1990ల ఆరంభంలో ఆయన తన బృందానికొక నియమం పెట్టారు: గ్రంథంలోని ప్రతి బొమ్మా ఒక్క ఆజ్ఞతో మళ్ళీ మొదటినుంచీ తయారుకావాలి. గ్రంథాలను ప్రోగ్రాములతో సహా సీడీల మీద పంచిపెట్టారు. 1992లో మార్టిన్ కారెన్‌బాక్‌తో కలిసి ఈ పద్ధతిని వివరించారు. 1995లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన బకైట్, డొనోహోలు వేవ్‌లెట్ల మీద తమ ప్రోగ్రాముల సంపుటిని బయటపెడుతూ, ఆయన భావాన్ని ఇంకా పదునుగా చెప్పారు. లెక్కల శాస్త్రంలో అచ్చయిన వ్యాసం పాండిత్యానికి వ్యాపారప్రకటన వంటిది మాత్రమేననీ, అసలు పాండిత్యం దాని వెనకనున్న ప్రోగ్రాముల్లోనూ, బొమ్మలను తయారుచేసిన ఆజ్ఞల్లోనూ ఉన్నదనీ వారి తాత్పర్యం. తక్కిన కథంతా ఈ మాట నీడలోనే నడుస్తుంది.

1998 నవంబరులో యాన్ లెకున్, లియోన్ బొటూ, యోషువా బెంజియో, పాట్రిక్ హాఫ్నర్ కలిసి చేతిరాతను చదివే యంత్రం గురించి ఒక సుదీర్ఘమైన పత్రం ప్రచురించారు. అందులోని లెనెట్-5 అనే న్యూరల్ నెట్‌వర్కును ఇవాళ ఈ విద్య నేర్చుకునే ప్రతి విద్యార్థీ మొదటి వారాల్లోనే కలుసుకుంటాడు. లెకున్ తన సొంత జాలస్థలిలో దానికి కొన్ని పుటలు జతచేశారు. వాటిలో ఉన్నవి కదిలే జిఫ్ బొమ్మలు, అంతకన్న ఏమీ లేవు. ఒక అంకె అటూ ఇటూ జరుగుతుంది, తిరుగుతుంది, సన్నబడుతుంది, లావెక్కుతుంది, మచ్చల మధ్య మునిగిపోతుంది. పక్కనే నెట్‌వర్కు లోపలి పొరలు మిణుకుమంటూ ఉంటాయి, చివర యంత్రం చెప్పిన జవాబు కనబడుతుంది. రెండంకెలు ఒకదానిలోకి ఒకటి జరిగిపోయే చిక్కు సందర్భాలూ, అసాధారణమైన ఆకారాలూ కూడా అక్కడ పెట్టారు. పాఠకుడికి మీట నొక్కే అవకాశం లేదు, చూడడమే. అయినా అచ్చుపుట చూపలేనిదాన్ని అది చూపింది. యంత్రం ఎక్కడిదాకా తట్టుకుంటుందో, ఎక్కడ తడబడుతుందో కంటితో తెలుస్తుంది.

ఆ తరువాతిది జావా ఆప్లెట్ల కాలం. 2000లో మొదటిసారి విడుదలైన లిబ్‌ఎస్‌వీఎం అనే ప్రోగ్రాముల సంపుటి గుర్తున్నవారు మనలో ఉంటారు. తైవాన్‌లో చిహ్-జెన్ లిన్ బృందం చేసింది. దాని పుటలో ఒక నల్లటి చదరం ఉండేది. దానిలో మౌసుతో చుక్కలు పెట్టి, రంగు మార్చి మరికొన్ని చుక్కలు పెట్టి, మీట నొక్కితే రెండు రంగుల మధ్య సరిహద్దు గీసి చూపేది. కెర్నెల్ అన్న మాటకు అర్థం నాకు పాఠ్యపుస్తకంలో దొరకలేదు, ఆ చదరంలో దొరికింది. ఆప్లెట్లకు తర్వాత పట్టిన గతి మీకు తెలిసిందే. 2010ల నడుమకు వచ్చేసరికి విహరిణులు ఒకటొకటిగా జావాను గడప దాటనివ్వడం మానేశాయి. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ కథా ముగిసింది. ఆ రెంటి మీద కట్టిన బోధనాపుటలు చాలావరకు బూడిదరంగు పెట్టెలై మిగిలాయి. పక్కన ఉన్న పత్రం మాత్రం పీడీఎఫ్‌గా చెక్కుచెదరకుండా తెరుచుకుంటూనే ఉంది! మన తెలుగువాళ్ళకు ఈ బాధ కొత్త కాదు. యూనికోడు రాకముందు ఎవరి ఖతిలో వారు పుటలు పెట్టుకున్నాం. ఆ ఖతి పోయిన రోజున మన వ్యాసాలు పిచ్చిగీతలుగా మారాయి. 2009 అక్టోబరులో జియోసిటీస్ మూతపడ్డప్పుడు ఎందరో ఉచితంగా కట్టుకున్న ఇళ్ళు ఉచితంగానే కూలిపోయాయి.

2011లో బ్రెట్ విక్టర్ అనే రూపశిల్పి 'ఎక్స్‌ప్లోరబుల్ ఎక్స్‌ప్లనేషన్స్' అనే వ్యాసం వెలువరించారు. రచయిత చెప్పిన అంకెను పాఠకుడు పట్టుకుని లాగి మార్చగలగాలి, మార్చినప్పుడు తక్కిన వాక్యాలు దానికి అనుగుణంగా మారాలి, చదవడమంటే రచయితను ప్రశ్నించడం కావాలి అని ఆయన వాదన. వాదనతో ఆగలేదు. 1998లో నేచర్ పత్రికలో వాట్స్, స్ట్రోగాట్జ్ ప్రచురించిన చిన్నప్రపంచాల నెట్‌వర్కుల పత్రాన్ని తీసుకుని, దాన్ని బొమ్మలవరుసగా, పాఠకుడు కదిలించి చూడగలిగే పుటగా తిరగరాసి చూపారు. పక్కపుటకు ఒక సిద్ధాంతం ఏర్పడింది ఇక్కడే అని నా అభిప్రాయం.

2013లో అలెక్స్ గ్రేవ్స్ చేతిరాతను పుట్టించే నెట్‌వర్కు మీద పత్రం రాసి, టొరంటో విశ్వవిద్యాలయపు పుటలో ఒక చిన్న పెట్టె పెట్టారు. అందులో ఒక ఇంగ్లీషు వాక్యం టైపు చేస్తే, యంత్రం దాన్ని మనిషి చేతిరాతలో రాసి పంపేది. లెక్క జరిగేది అక్కడి కంప్యూటరులో, మనకు వచ్చేది ఫలితం. ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. అక్కడి కంప్యూటరు నడుస్తున్నంతకాలమే పుట బతుకుతుంది.

ఆ మెలికను విప్పినవారిలో ఆంద్రే కార్పతీ ఒకరు. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధక విద్యార్థిగా ఉంటూ ఆయన కన్వ్‌నెట్‌జేఎస్ అనే గ్రంథాలయాన్ని జావాస్క్రిప్టులో రాశారు. నెట్‌వర్కు తయారుచేసిన ఫలితాన్ని చూపడమే కాదు, నెట్‌వర్కు నేర్చుకోవడమే పాఠకుడి విహరిణిలో, అతని కళ్ళెదుట జరుగుతుంది. సర్వరు చేసే పని దస్త్రాలను పంపడం ఒక్కటే. మనకు ఈ కిటుకు పరిచయమైనదే. లేఖిని పనిచేసింది ఈ పద్ధతిలోనే కదా! మనం కొట్టిన ఇంగ్లీషక్షరాలు ఎక్కడికీ వెళ్ళకుండా మన విహరిణిలోనే తెలుగయ్యేవి. 2016లో గూగుల్‌లో డేనియల్ స్మిల్కోవ్, షాన్ కార్టర్‌లు ముందుండి చేసిన టెన్సర్‌ఫ్లో ప్లేగ్రౌండ్ ఈ దారినే నడిచింది. 2017లో డీప్‌లెర్న్.జేఎస్, 2018లో టెన్సర్‌ఫ్లో.జేఎస్ వచ్చాక, విహరిణి ద్వారా గ్రాఫిక్సు చిప్పునే లెక్కలకు వాడుకోవడం అందరికీ అందుబాటులోకి వచ్చింది.

ఇప్పుడు నాకు అన్నిటికన్న ఇష్టమైన రెండు పక్కపుటల గురించి కాస్త నిదానంగా చెబుతాను.

మొదటిది 2016 అక్టోబరు నాటిది. దాని మూలపత్రం 2008లో లారెన్స్ వాన్ డెర్ మాటెన్, జెఫ్రీ హింటన్ రాసినది. వందల కొలతలున్న దత్తాంశాన్ని రెండు కొలతల బొమ్మగా దించే పద్ధతి, పేరు టి-ఎస్‌ఎన్‌ఇ. బొమ్మలు ఎంతో అందంగా వస్తాయి. దగ్గరివి దగ్గరగా గుంపులు కడతాయి. పత్రాలు రాసేవారంతా ఆ గుంపుల బొమ్మలను అచ్చువేయడం మొదలుపెట్టారు. అప్పుడు మార్టిన్ వాటెన్‌బర్గ్, ఫెర్నాండా వియేగాస్, ఇయాన్ జాన్సన్ ఒక పుట కట్టారు. ఆ పుటలో మనమే చుక్కల అమరిక ఎంచుకోవచ్చు, పెర్‌ప్లెక్సిటీ అనే మీటను జరపవచ్చు. ప్రతి చుక్కకూ ఎందరు ఇరుగుపొరుగులున్నారని అనుకోవాలో రమారమిగా చెప్పే అంకె అది. 5 నుంచి 50 దాకా ఎంతైనా ఫరవాలేదని మూలపత్రం సూచన. మీట జరిపి చూస్తే గుండె గుభేలుమంటుంది. ఒక గుంపు పెద్దది, ఒకటి చిన్నది ఇచ్చినా బొమ్మలో రెండూ ఒకే పరిమాణంలో వస్తాయి. మూడు గుంపుల్లో ఒకదాన్ని దూరంగా పెట్టినా ఆ దూరం బొమ్మలో నిలవకపోవచ్చు. అన్నిటికన్న ఘోరం, ఏ నిర్మాణమూ లేని ఉత్త యాదృచ్ఛిక చుక్కలను ఇచ్చి మీటను కిందికి జరిపితే, లేని గుంపులు పుట్టుకొస్తాయి!

పద్ధతిని ఆ పుట తప్పుపట్టలేదు, చదివేవారికి చదవడం నేర్పింది. అయితే గమనించండి. ఇవే హెచ్చరికలను వాక్యాలుగా రాసి ఉంటే చదివి తలూపి మరిచిపోయేవాళ్ళం. మన చేత్తో మనం ఉత్త ధూళిని పోసి, అందులోంచి గుంపులు లేవడం చూశాక, ఏ పత్రంలోనైనా అలాంటి బొమ్మ కనబడితే మీట ఎక్కడుందని అడగకుండా ఉండలేం.

రెండవది 2018 మార్చి నాటిది. డేవిడ్ హా, యూర్గెన్ ష్మిడ్‌హ్యూబర్ 'వరల్డ్ మోడల్స్' అనే పత్రాన్ని పుటగానే ప్రచురించారు. యంత్రం ఒక ఆటను 64×64 చుక్కల చిన్న తెర మీద చూస్తుంది. ప్రతి దృశ్యాన్నీ కొన్ని అంకెలుగా కుదిస్తుంది. కారు పందెంలో ఆ అంకెలు 32 మాత్రమే. ఒక దృశ్యం తర్వాత ఏది వస్తుందో నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక అసలు ఆటతో పనిలేకుండా తన ఊహలోనే ఆట ఆడగలుగుతుంది. రచయితలు దాన్ని కల అన్నారు. కారు నడిపే భాగంలో ఉన్నవి 867 అంకెలు, అంతే. పుటలో ఆ కల మన విహరిణిలో నడుస్తుంది. యంత్రం నడుపుతున్న కారును మనం పక్కకు లాగవచ్చు. కల ఎంత అనిశ్చితంగా ఉండాలో చెప్పే టౌ అనే మీటను కూడా మార్చవచ్చు.

ఆ మీట వెనక గొప్ప కథ ఉంది. డూమ్ ఆటలో ఎదుటి గోడ దగ్గరి భూతాలు అగ్నిగోళాలు విసురుతుంటాయి. వాటిని తప్పించుకుంటూ బతకాలి. సగటున 750 అడుగులు బతికితే నెగ్గినట్టు లెక్క. యంత్రానికి శిక్షణ అంతా కలలోనే ఇచ్చారు. టౌ 0.1 ఉన్నప్పుడు కలలో అది సగటున 2086 అడుగులు బతికింది. అదే యంత్రాన్ని అసలు ఆటలో దింపితే 193 దగ్గర కూలిపోయింది. నిశ్చితమైన ఆ కలలో భూతాలు అగ్నిగోళాలు విసరడమే మానేశాయి మరి! టౌను 1.15కు పెంచితే కల కష్టతరమైంది, అందులో 918 మాత్రమే వచ్చింది, అసలు ఆటలో మాత్రం 1092 అడుగులు బతికింది. రచయితలు తమ యంత్రం కలలో ఎలా దొంగదారి తొక్కిందో దాచలేదు, దానికే ఒక భాగం కేటాయించారు. ఫలితాన్ని చూపడం అందరూ చేసే పనే. తమ ఫలితం ఏ మీట దగ్గర కూలుతుందో కూడా చెప్పి, అలాంటి మీటనే పాఠకుడి చేతికివ్వడం వేరే రకం నిజాయితీ.

ఈ విద్యకొక పీఠం కూడా ఏర్పడింది. క్రిస్ ఓలా, షాన్ కార్టర్ తదితరులు 2017 మార్చిలో డిస్టిల్ అనే పత్రికను మొదలుపెట్టారు. పక్కపుటలనే అసలు పత్రాలుగా గుర్తించే పత్రిక అది. పీర్ రివ్యూ ఉంది, డీఓఐ సంఖ్య ఉంది, ఏటా 10,000 డాలర్ల బహుమతి కూడా ప్రకటించారు. అందులో వచ్చినవి ఇప్పటికీ చదవదగ్గవి. కాని 2021 జులైలో పత్రిక విరామం ప్రకటించింది. స్వచ్ఛందంగా పనిచేస్తున్న సంపాదకులు అలసిపోయారని వారే రాశారు. ఒక్కొక్క వ్యాసానికి రచయిత, చిత్రకారుడు, ప్రోగ్రామరు, సంపాదకుడు నలుగురి శ్రమ కావాలి. లోకం మాత్రం దాన్ని ఒక్క పత్రంగానే లెక్కగడుతుంది. ఆగిపోవడంలో వింత లేదు. కాని ఆ పుటలు ఆగలేదు. మామూలు దస్త్రాలుగా కట్టినవి గనుక పత్రిక ఊపిరి బిగబట్టినా అవి తెరుచుకున్నాయి.

ఇక నా సంగతి. పై చరిత్రంతా చదివి కూడా నేను మొదట చేసింది తెలివితక్కువ పనే. మోడలును ఒక కళాశాల గదిలోని కంప్యూటరు మీద పెట్టాను. వేసవి సెలవుల్లో ఎవరో గది సర్దుతూ దాన్ని తీసేశారు. సరిగ్గా మిత్రుడు సదస్సులో పత్రం చదివే వారంలో లంకె చచ్చిపోయింది. అప్పుడు బుద్ధి తెచ్చుకుని మొత్తం విహరిణిలోకి మార్చాను. ఒక్కొక్క అంకెకు నాలుగు బైట్లున్న మోడలును ఒక్క బైటుకు కుదిస్తే దస్త్రం నాలుగోవంతయింది. మామూలు ఇంటర్నెట్టు మీద కూడా దిగింది.

కాని అక్షరాలు గుర్తుపట్టడం లేదు! పత్రంలో అంత బాగా పనిచేసిన మోడలు తెర మీద 'అ' రాస్తే 'ట' అంటుంది. రెండు వారాలు తల పట్టుకున్నాక దొరికింది దోషం. శిక్షణలో వాడిన అక్షరాలన్నీ గడి మధ్యకు తెచ్చి, ఒకే పరిమాణానికి తెచ్చినవి. ఎంనిస్ట్ అంకెల విషయంలోనూ ఇంతే. 20×20 గడిలో ఇమిడ్చి, ద్రవ్యకేంద్రం 28×28 గడి మధ్యకు వచ్చేలా జరిపినవి అవి. తెర మీద రాసే మనిషి ఒక మూలన చిన్నగా రాస్తాడు. పత్రంలో అర వాక్యంలో దాటిపోయిన ఈ శుద్ధిని నేను పుటలో మళ్ళీ చేయగానే యంత్రానికి చూపు వచ్చింది. పత్రంలో ఏది ముఖ్యమో పుట కడితే గాని తెలియలేదు.

పుట సిద్ధమయ్యాక మొదట చూపింది మా పెదనాన్నగారికి. ఆయన విశ్రాంత తెలుగు పండితులు. టాబ్లెట్టు ఒళ్ళో పెట్టుకుని, వణికే వేలితో నాలుగైదు అక్షరాలు రాశారు. యంత్రం అన్నీ సరిగా చెప్పింది. ఆయన సంతోషించినట్టే కనబడి, ఆగి, 'ఱ' రాశారు. గుఱ్ఱములో, ఏఱులో వచ్చే బండి ఱ. యంత్రం దాదాపు పూర్తి నమ్మకంతో 'ఐ' అంది. మళ్ళీ రాశారు. మళ్ళీ 'ఐ'.

"ఏమిరా అబ్బాయ్, దీనికి ఱ నేర్పలేదా?"

"లేదండీ, పెదనాన్నగారూ. సేకరించిన అక్షరాల్లో ఱ లేదు."

"నేర్పకపోతే పోనీ. తెలియదు అనడమైనా నేర్పవద్దూ?"

నా దగ్గర జవాబు లేదు. ఈ రకం యంత్రానికి తన దగ్గరున్న రూపాయిని తనకు తెలిసిన అక్షరాలకే పంచాలనే నియమం ఉంటుంది. ఎవరికీ ఇవ్వకుండా జేబులో వేసుకునే దారి లేదు. ఎదుట ఉన్నది ఱ అయినా, కుక్కబొమ్మ అయినా, పూర్తి రూపాయినీ తెలిసినవారికే పంచుతుంది. పత్రంలోని ఖచ్చితత్వపు పట్టికలో ఈ సంగతి కనబడే అవకాశమే లేదు. పరీక్షకు పెట్టినవి కూడా తెలిసిన అక్షరాలే గనుక. పత్రాన్ని సమీక్షించిన పండితులెవరికీ తట్టని ప్రశ్న, పత్రం ఒక్క వాక్యం కూడా చదవని పెద్దాయనకు తట్టింది. పుట లేకపోతే ఆయన ఆ ప్రశ్న అడిగేవారు కాదు.

మిత్రుడికి ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పత్రం తుదిప్రతిలో, శిక్షణలో లేని అక్షరం ఎదురైతే యంత్రం ధీమాగా తప్పు చెబుతుందని ఒక పేరా చేర్చాడు. పుటలో మొదటి ఉదాహరణగా పెదనాన్నగారు రాసిన ఱ పెట్టాం, కింద యంత్రం చెప్పిన తప్పు జవాబుతో సహా.

పత్రం మనల్ని నమ్మమంటుంది, పక్కపుట పరీక్షించుకోమంటుంది. రచయిత ఊహించని మనిషి వచ్చి ఊహించని అక్షరం రాసినప్పుడే ఆ పరీక్షకు విలువ. ఆ మనిషి ఈ ఏడే రానక్కరలేదు, పదేళ్ళకు రావచ్చు. అందాకా పుట నిలబడి ఉండాలి. లెకున్ గారి కదిలే బొమ్మలు ఎందుకు నిలిచాయో, ఆప్లెట్లు ఎందుకు కూలాయో చూస్తే దారి తెలుస్తూనే ఉంది. ఎవరి దయ మీదా ఆధారపడని మామూలు దస్త్రాలుగా కట్టుకోవాలి, నలుగురి దగ్గర ప్రతులుంచుకోవాలి. తాళపత్రాలు ప్రతి రాసుకున్నంతకాలం బతికిన దేశం మనది. ఈ మాట మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

పెదనాన్నగారు ఇప్పుడు లేరు. ఆయన ఱ ఉంది. దస్త్రం మొత్తం మూడు చోట్ల దాచాను. తప్పులేమైనా దొర్లి ఉంటే పెద్దలు సరిదిద్దగలరు.